పడవ తిప్పని హానుస్

నా భర్తను మొదట హంతకుడన్నది మా కోఆపరేటివ్ దుకాణంలో గల్లా దగ్గర కూర్చునే సన్నా. సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకు, వరసలో ఉన్న నలుగురికీ వినపడేలా అంది.

"వచ్చావా హంతకుడా? నిన్న ఆ పసివాణ్ణి సముద్రంలో వదిలేసి, ఇవాళ బంగాళాదుంపలు కావాల్సొచ్చాయా?"

హానుస్ నవ్వాడు. వెనక నిలబడ్డవాళ్లు నవ్వలేదు. ఎవరో "ముందుకే!" అని అరిచారు, వరస కదలమన్నట్టు. అప్పుడు మాత్రం అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఆ చలికాలం ఫేరో దీవుల్లో ఆదివారం సాయంత్రమైతే దారి మీద మనిషి కనిపించేవాడు కాదు. అందరూ టీవీలో 'ఉత్తర కెరటం' సీరియల్ చూస్తూ కూర్చునేవాళ్లు. మా పూర్వీకులైన వైకింగుల కథ అది. అంతకుముందు వేసవిలో మా సీదువీక్ రేవులోనే తీశారు. సగం ఊరు గొర్రెతోళ్లు కప్పుకుని కత్తులు పట్టుకుంది. హానుస్‌కు మాత్రం ఒక పాత్ర, ఒక మాట దొరికాయి. కారణం అతని గడ్డం, పాతకాలపు చెక్కపడవ నడపడం వచ్చిన చేతులు.

ముప్పై ఒక్క ఏళ్లు చేపల ఫ్యాక్టరీలో కాడ్ చేపలు కోసిన మనిషి అతను. కత్తి మొద్దుబారితే ఓర్చుకోలేడు. శనివారం వీధిలో ఎవరింటి కత్తయినా అడక్కుండానే తీసుకొచ్చి నూరి, అడక్కుండానే గుమ్మంలో పెట్టి వచ్చేవాడు. మాట మాత్రం తక్కువ. నన్ను పెళ్లాడమని అడిగినప్పుడు కూడా, "మాలన్, మీ ఇంటి కప్పు కారుతోంది. మాది కారదు" అన్నాడు. అంతే. పనిలోంచి వచ్చి టీవీ ముందు కూర్చుంటే వార్తలు అయ్యేలోపు నిద్రపోయేవాడు.

అలాంటివాడు దర్శకురాలితో వాదించాడని నాకు తరవాత తెలిసింది. ఆమె కోపెన్‌హాగెన్ మనిషి. ఆమె రాసుకొచ్చిన కథలో తుఫానులో నాయకుడి కొడుకు పడవలోంచి పడిపోతాడు. చుక్కాని పట్టిన ముసలి అస్ముండ్ పడవను వెనక్కి తిప్పి పిల్లవాణ్ణి కాపాడతాడు. హానుస్ చుక్కాని వదిలేసి లేచి నిలబడ్డాడట. "ఈ రేవు నోట్లో, ఆటుపోటు తిరిగే వేళ, ఎనిమిది మందిని పెట్టుకుని ఎవడూ పడవ తిప్పడు. తిప్పితే అందరూ పోతారు" అన్నాడట. మర్నాటికి ఆమె కథ మార్చేసింది. అస్ముండ్ తిప్పడు. వెనక పిల్లవాడు పిలుస్తూనే ఉంటాడు. తెడ్లు వేసేవాళ్లు ఏడుస్తుంటారు. అస్ముండ్ ఒకే మాట అంటాడు: "ముందుకే."

ఊరితో పాటు నేనూ దాన్ని ఆ ఆదివారమే చూశాను. తెర నిండా నా భర్త మొహం. పక్కన సోఫాలో మళ్లీ అదే మొహం, ఈసారి నిద్రపోకుండా. నా కాఫీ చల్లారిపోయింది.

మంగళవారం రేడియోలో జనం ఫోన్లు చేసి మాట్లాడే కార్యక్రమం మొత్తం దాని మీదే నడిచింది. రాజధాని నుంచి ఒకావిడ, "ఆ గడ్డం మనిషిని చూస్తే నాకు అన్నం దిగలేదు. అతనికి పిల్లలున్నారా? ఉంటే వాళ్ల అమ్మ దగ్గరికి పంపించేయండి" అంది. ఇంకొకాయన, "మన పూర్వీకులు దోచుకున్నారు, తగలబెట్టారు, ఒప్పుకుంటా. కానీ మనిషిని నీళ్లలో వదల్లేదు" అన్నాడు. పేపర్లో ఉత్తరాలు వచ్చాయి. ఫ్యాక్టరీ భోజనాల గదిలో హానుస్ కూర్చున్న బల్ల నుంచి జనం తమ రొట్టెల డబ్బాలు తీసుకుని పక్క బల్లకు మారారట. ఆ సంగతి అతను చెప్పలేదు. అక్కడే పనిచేసే మా వదిన చెప్పింది.

మిగతా దీవులకు అది టీవీ కథ. మా ఊరికి కాదు.

1968 అక్టోబరులో, ఎదురు లంక మీద గొర్రెలను పట్టి తిరిగొస్తున్న పడవలో ఎనిమిది మంది ఉన్నారు. చుక్కాని దగ్గర డాన్యల్. ముందు కొసన తాడు పట్టుకుని అతని పెద్దకొడుకు పేటూర్, పదహారేళ్లవాడు. రేవుకు ఇంక వంద గజాలు కూడా లేదు. ఒడ్డున ఆడవాళ్లంతా నిలబడి చూస్తున్నారు. కెరటం పేటూర్‌ను ఊడ్చుకుపోయింది. డాన్యల్ పడవ తిప్పాడు. అడ్డం తిరిగిన పడవను తరవాతి కెరటం బోర్లా కొట్టింది. ఎనిమిది మందిలో ఒక్కడూ మిగల్లేదు. ఒడ్డున తల్లి చెయ్యి పట్టుకుని చూస్తున్న పిల్లల్లో హానుస్ ఒకడు. తొమ్మిదేళ్లు. మూడో తెడ్డు మీద ఉన్నవాడు అతని తండ్రి.

రేవు పైన వాళ్లకో రాయి పెట్టారు. దాని మీద ఎనిమిది పేర్లు, కింద ఒక వాక్యం: "వాళ్లు వెనక్కి తిరిగారు." మా ఊరి పిల్లలు చదవడం నేర్చుకున్నాక మొదట చదివేది దాన్నే. బడిలో నేనే చదివించేదాన్ని.

డాన్యల్ చిన్నకొడుకు రోగ్వి మా పక్కింట్లోనే ఉంటాడు. అప్పటికి ఐదేళ్లవాడు, తండ్రినీ అన్ననూ ఒకే పూట పోగొట్టుకున్నాడు. ఊరంతా చేతులు పట్టుకుని వలయంగా ఆడే గొలుసు ఆటల్లో ఇప్పుడు పాట ఎత్తేవాడు అతనే. మూడు వందల చరణాల పాటయినా తడుముకోడు. రెండిళ్లకూ ఉమ్మడిగా, మాంసం ఎండబెట్టుకునే ఒక కొట్టు ఉండేది. గాలి ఆడేలా కట్టిన ఆ చెక్క గదిలో గొర్రె తొడలు పక్కపక్కనే వేలాడేవి, ఎవరివేవో గుర్తులు కూడా ఉండేవి కావు. ఆ బుధవారం రోగ్వి నిచ్చెన వేసుకుని సగం తొడలు దించుతున్నాడు.

"ఇంకా ఎండలేదు. రెండు వారాలు ఆగు, పాడైపోతాయి" అన్నాడు హానుస్.

"నా ఇంట్లో కుళ్లిపోనీ. నీ దాని పక్కన ఎండక్కర్లేదు."

"టీవీ మీద కోపం మాంసం మీద చూపిస్తావేంట్రా?"

"టీవీయా? ఎవర్ని అన్నావో మాకు తెలీదనుకున్నావా?"

"అన్నది అస్ముండ్."

"మరి అస్ముండ్‌కి నీ మొహం ఎందుకుంది?"

నిచ్చెన ఊగుతుంటే హానుస్ కింద పట్టుకున్నాడు. రోగ్వి దిగే దాకా పట్టుకునే ఉన్నాడు. దిగిన రోగ్వి అతని చేతిని నిచ్చెన మీంచి తోసేశాడు.

నేనూ ఊరి పక్షమే. ఆ మాట దాచి రాస్తే ఈ రాతకు అర్థం లేదు. ఆ ఆదివారం నుంచి మా అబ్బాయి బార్దుర్ మొహం నాకు నీళ్లలోనే కనిపించేది. సాల్మన్ చేపలు పెంచే వలల దగ్గర వాడి పని, రోజంతా పడవ మీదే. శుక్రవారం భోజనం దగ్గర అడిగేశాను.

"పడింది మన బార్దుర్ అయితే?"

హానుస్ బంగాళాదుంప తొక్క తీస్తున్నాడు. తీస్తూనే ఉన్నాడు.

"నిన్నే. బార్దుర్ పిలుస్తుంటే కూడా ముందుకేనా?"

తొక్కంతా ఒకే తీగలా వచ్చింది. దాన్ని పళ్లెం అంచున పెట్టి, లేచి కత్తి కడిగాడు. ఆ రోజే నా దుప్పటి తీసుకుని కుట్టుమిషన్ గదిలోకి మారాను. ఐదు వారాలు అక్కడే పడుకున్నాను.

ఈస్టర్ ముందరి ఉపవాసాలు మొదలయ్యే వారం, సోమవారం నాడు ఊరంతా ఆటశాలలో చేరుతుంది. పిల్లలు మధ్యాహ్నమే, పండగ ఆటగా వేలాడదీసిన పీపాను కర్రలతో పగలగొట్టి, క్రీము బన్నులు తిని మూతులు తుడుచుకుంటారు. చీకటి పడ్డాక పెద్దవాళ్ల గొలుసు ఆట. రోగ్వి హానుస్ మీద ఎగతాళి పాట కట్టాడని వారం ముందే తెలిసిపోయింది. మా దగ్గర అది పాత అలవాటు. తప్పు చేశాడనుకున్నవాడి మీద పాట కడతారు. అతన్ని చెరో పక్క ఒకడు గట్టిగా పట్టుకుని, పాట అయ్యేదాకా గొలుసులో ఆడిస్తారు. జనం పల్లవి అందుకుంటే ఆ పాట నిలిచిపోతుంది, మనవల పెళ్లిళ్లలో కూడా పాడతారు. అందుకోకపోతే అక్కడే చచ్చిపోతుంది.

"వెళ్లకు" అన్నాను. ఐదు వారాల్లో నేను తనతో మాట్లాడిన నాలుగో మాటో ఐదో మాటో అది.

"వెళ్లకపోతే పిరికివాడని ఇంకో చరణం కలుపుతారు" అని ఊలు చొక్కా వేసుకున్నాడు.

ఆటశాలలో నూటఇరవై మంది ఉంటారు. రోగ్వి అతన్ని చూసి పలకరించలేదు. కుడిచెయ్యి పట్టుకోమని ఫ్యాక్టరీ మేస్త్రీకి చెప్పాడు. ఎడమచేతికి ఎవరా అని చుట్టూ చూసి, "బార్దుర్, నువ్వు రా" అన్నాడు.

"నేనా?" అన్నాడు మావాడు.

"నీకు ఇష్టం లేకపోతే చెప్పు, గట్టిగా పట్టుకునేవాళ్లు చాలామందున్నారు."

బార్దుర్ వచ్చి తండ్రి చెయ్యి పట్టుకున్నాడు. వాడి చెవులు ఎర్రబడ్డాయి.

వాయిద్యాలేమీ ఉండవు మాకు. గొంతులు, చెక్కనేల మీద బూట్లు, అంతే. ఎడమకు రెండడుగులు, కుడికి ఒకటి. రోగ్వి ఎత్తుకున్నాడు:

*గడ్డం చూస్తే మూరెడంత, గుండె చూస్తే గోరంత,*
*పిలుపు విన్నా చుక్కాని తిప్పలేదు వేలంత.*

ఊరంతా అందుకుంది: *ముందుకే, ముందుకే, హానుస్ పడవ ముందుకే!*

నేల అదిరింది. పాట బాగుంది, అబద్ధం చెప్పను. మూడో చరణానికి జనం పడీపడీ నవ్వారు. ఆరో చరణంలో హానుస్ చేపలకు కూడా ఈత నేర్పకుండా వదిలేస్తాడు, ఎనిమిదోదాంట్లో పెళ్లాన్ని రేవులో మరిచిపోయి వస్తాడు. సన్నా నా పక్కనే ఉండి, "ఇది నీకు, మాలన్!" అని మోచేత్తో పొడిచింది. హానుస్ అడుగు ఎక్కడా తప్పలేదు. తన మీద కాకుండా ఇంకెవరి మీదో పాడుతున్నట్టు ఆడాడు.

పన్నెండో చరణం అయ్యాక రోగ్వి పదమూడోది ఎత్తలేదు. పాట పూర్తికాకుండా గొలుసు ఆగకూడదు కాబట్టి అడుగులు పడుతూనే ఉన్నాయి. ఆ అడుగుల మీదే, పాటగా కాకుండా, మామూలు గొంతుతో అడిగాడు.

"ఇప్పుడు చెప్పు హానుస్. నీ చెయ్యి పట్టుకున్నాడే, ఈ బార్దుర్. వీడు పడితే?"

ఇలా అడగడం మా ఆటలో లేదు. ఒకరిద్దరి అడుగులు తడబడ్డాయి. నేను గొలుసులో అవతలి వైపు ఉన్నాను, హానుస్ మొహం నాకు ఎదురుగా ఉంది. వంటింట్లో నాకు చెప్పని జవాబు ఇక్కడా చెప్పడనుకున్నాను.

"తిప్పను" అన్నాడు.

"విన్నారా!" అన్నాడు రోగ్వి.

"చుక్కాని పక్కవాడికిచ్చి నేను దూకుతా." రెండడుగులు ఎడమకు, ఒకటి కుడికి. "ఒళ్లు నాది, దూకుతా. పడవలో మిగతా ఆరుగురూ నావాళ్లు కాదు, వాళ్ల ఇళ్లవాళ్లు. వాళ్లను తిప్పడానికి నేనెవణ్ణి?"

"అంటే మా నాన్న ఒక్కడే దూకాల్సిందంటావు" అన్నాడు రోగ్వి.

"అంటాను. యాభై ఏళ్లుగా అంటున్నా, నోట్లోనే. మా నాన్న ఆ రోజు మూడో తెడ్డు మీద ఉన్నాడు. తిప్పమంటావా అని ఆయన్ని ఎవడడిగాడు?"

ఎవరో ఆడమనిషి "సిగ్గులేనివాడా" అంది. రోగ్వి పదమూడో చరణం ఎత్తుకున్నాడు. అందులో హానుస్ మోకాళ్ల మీద పాకుతూ వచ్చి రాయి ముందు క్షమాపణ అడుగుతాడు. చరణం అయ్యింది. పల్లవి రావలసిన చోట ఎవరి గొంతూ లేవలేదు. బూట్ల చప్పుడు ఒక్కటే. పద్నాలుగోది ఒక్కడే పాడాడు, పల్లవి కూడా ఒక్కడే. అడుగులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. రోగ్వి పక్కవాళ్ల చేతులు వదిలేసి, కోటు కూడా తీసుకోకుండా బయటికి నడిచాడు.

ఊరు హానుస్ వైపు వచ్చిందని అనుకోకండి. ఆ పూట ఒక్కరూ అతని మొహం చూడలేదు. పల్లవి ఎందుకు ఆగిందో తరవాత ఎవరూ నోరు విప్పి చెప్పలేదు, ఆ పాట మళ్లీ ఎవరూ పాడలేదు. రోగ్వి మాంసం కొట్టును మధ్యలో చెక్కలు కొట్టి రెండు చేశాడు. నాలుగేళ్ల తరవాత హానుస్ ఊపిరితిత్తుల జబ్బుతో పోయే వరకూ అతనితో ఒక్క మాట మాట్లాడలేదు. శవపేటిక మొయ్యడానికి ఊరి మగవాళ్లంతా వచ్చారు, రోగ్వి రాలేదు. నేను అతన్ని తప్పు పట్టను. అతని తండ్రి గురించి ఆ మాట నూటఇరవై మందిలో అనేశాడు నా భర్త.

ఆ సాయంత్రం కోట్లు తగిలించే కొక్కేల దగ్గర సన్నా మమ్మల్ని ఆపింది.

"పెద్ద మాటలే చెప్పావు. టీవీలో మాత్రం దూకలేదుగా?"

"రెండో జత బట్టలు లేవన్నారు" అన్నాడు హానుస్.

ఆమె నవ్వలేదు. తలుపు మాత్రం తీసి పట్టుకుంది, తొందరగా వెళ్లమని.

బయట వాన, గాలి. ముగ్గురం వంగి నడుస్తున్నాం. బార్దుర్ ఇంకా తండ్రి చెయ్యి వదల్లేదు, వదలడం మరిచిపోయాడేమో. ముప్పై దగ్గరపడ్డ మనిషి, చంటిపిల్లాడిలా చెయ్యి పట్టుకుని. మలుపు దగ్గర ఆగాడు.

"నాన్నా, నీకు ఈత రాదు కదా?"

"రాదు" అన్నాడు హానుస్. "నడువు, మీ అమ్మ తడుస్తోంది."