మరియమ్మ తల వెనుక ఇత్తడి పళ్ళెం

ఈ వయసులో పినపాక ప్రయాణమేమిటంటే, ఒక పటం కోసం. నీలి ముసుగు తల్లి, ఒడిలో బిడ్డ, తల వెనుక బంగారు వలయం. ఇల్లందులో బొగ్గుబాయి దొర బంగళా ఖాళీ చేసినప్పుడు మా అమ్మ తెచ్చుకుంది. మరియమ్మ తల్లి అని శనివారం సాయంత్రాలు కొవ్వొత్తి వెలిగించేది. అమ్మ తర్వాత అక్క. నా చదువంతా పాత పుస్తకాల దుకాణాల్లోనే. అక్కడే ఒక పుస్తకంలో అదే బొమ్మ కనిపించింది: యూరప్ చిత్రకారుడెవరో కైరో బజారులో నారింజలమ్మే ఆమెను గీశాడట. ఆ వలయం గోడకు వేలాడే ఇత్తడి పళ్ళెం! మొన్న పినపాక నుంచి అక్క ఫోన్ చేసి, పటాన్ని కొత్త చర్చికి ఇస్తున్నాను, ఒకసారి రమ్మంది. నలుగురిలో ఎవరైనా గుర్తుపట్టి నవ్వితే అక్క మొహం ఎక్కడ పెట్టుకుంటుంది? ముందే చెప్పాలని బయలుదేరాను.

ఖమ్మంలో తెల్లవారుజాము బస్సెక్కితే టిఫిన్ వేళకు కొత్తగూడెం. దోసె బాగుంటుంది, చట్నీ సంగతి నన్నడగవద్దు. మణుగూరు బస్సులో కిటికీ పక్కన కూర్చోండి. ఎండాకాలం మొదట్లో అడవంతా ఇప్పపూల వాసన. మణుగూరు నుంచి షేర్ ఆటో.

"పటం చూడనీకె గింత దూరమా తాతా? ఫోన్ల పంపుమంటే అయిపోవు గద!" అన్నాడు డ్రైవర్, నేను వెళ్ళే పని విని.

"ఫోన్లో మా అమ్మ కొవ్వొత్తి మసి కనబడదు నాయనా."

అక్క గడపలోనే అందుకుంది. "బక్కగైనవ్ తమ్మీ. తిన్నవా?"

తిన్నాక గొంతు సవరించుకున్నాను. "అక్కా, ఆమె మరియమ్మ కాదే."

"నారింజల గంప నాకు కానొస్తలేదార? అమ్మకు గూడ ఎరుకే."

"మరి కొవ్వొత్తి?"

"బాయి గేటు కాడ నిన్ను ఒడిల ఏస్కొని అమ్మ సీతాఫలాలు అమ్మలే? గసొంటి తల్లికి ఎవలన్న దీపం పెడ్తరా? అందుకే తనే పెట్టుకున్నది."

"మరి చర్చిలో?"

"ఫాదర్‌కు మొన్ననే చెప్పిన. మరియమ్మ గూడ బజారుకు పోయే ఉంటది, తీస్కరమ్మన్నడు. పటం బరువున్నది, మొయ్యనీకె నిన్ను పిలిచిన. పాఠం చెప్పనీకె గాదు. జల్దీ లే!"

మోశాను. దారిలో మసి అంతా చొక్కాకు అంటింది, ఇంకా ఉతకలేదు. ఆ చిత్రకారుడు పరాయి దేశంలో ఎవరినో చూసి గీశాడు. అమ్మ అందులో తన్నే చూసుకుంది. పుస్తకాలన్నీ తిరగేసిన నాకు మాత్రం పళ్ళెమే కనబడింది.

వెళ్ళేవారికి ఒక్క మాట: పొద్దుగూకితే షేర్ ఆటోలు దొరకవు, వెలుతురుండగానే మణుగూరు చేరుకోండి.