రెండో ప్రయత్నం ముందు ఆదివారం

నెట్‌వర్కింగ్‌లో అన్నిటికంటే పెద్ద సర్టిఫికెట్ పరీక్షకి నేను రెండోసారి చదువుతున్న రోజులవి. చదువుతున్నానని అంటున్నాను గానీ, కుర్చీలో కూర్చున్నది తక్కువ, గదిలో అటూ ఇటూ తిరిగింది ఎక్కువ. ఎనిమిది గంటల ప్రాక్టికల్, బెంగళూరు వెళ్లి చేయాలి. మొదటిసారి తప్పాను. అంతకుముందు పాసైన రాతపరీక్షకి గడువు దగ్గర పడింది. ఆ గడువు లోపల నాకు దొరికిన తేదీ ఇదొక్కటే. ఇదీ పోతే మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. అంత ఓపిక నాకు మిగల్లేదని నాకు బాగా తెలుసు.

మొదటిసారి ఎందుకు తప్పావని ఎవరడిగినా, అక్కడి మెషిన్లు బాగాలేవని చెప్పేదాన్ని. జరిగింది వేరు. పొద్దున ఒక రౌటర్‌లో నేనే ఒక అంకె తప్పు కొట్టాను. మధ్యాహ్నానికి ఏదీ పనిచేయకపోతే మెషిన్ పాడైందని పర్యవేక్షకుడితో వాదనకి దిగాను. మీరు కొట్టినవి ఒకసారి చూసుకోండి అని ఆయన మర్యాదగానే చెప్పాడు. నేను చూసుకోలేదు. రెండు గంటలు అలా పోయాయి. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మాది నరసాపురం. ఇంటి నుంచే ఉద్యోగం. ప్రాక్టీసుకని పాత నెట్‌వర్క్ స్విచ్‌లూ రౌటర్లూ కొని వెనక గదిలో ఒకదానిమీద ఒకటి పేర్చుకున్నాను. అవి ఆన్ చేస్తే రైసుమిల్లు పక్కన కాపురం ఉన్నట్టే. ముందు గదిలో లేసు అల్లుకుంటూ మా అత్తయ్యగారు, "ఏంటమ్మా ఆ మోత, కుట్లు లెక్క తప్పిపోతున్నాయి నాకు" అని విసుక్కునేవారు. నేను తలుపు వేసుకునేదాన్ని. కాసేపటికి ఉక్కపోత భరించలేక మళ్లీ తీసేదాన్ని. పుస్తకం తెరిస్తే కీబోర్డు గుర్తొచ్చేది, కీబోర్డు ముందు కూర్చుంటే తేదీ గుర్తొచ్చేది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. మా వీధికి ఇంటర్నెట్ ఇచ్చే కేబుల్ ఆయన తన స్విచ్ పెట్టె మా వరండాలో బిగించారు. ఇన్వర్టర్ ఉన్న ఇల్లు చూసి పెట్టె అక్కడ పెట్టడం, ఆ ఇంటికి నెలబిల్లు అడగకపోవడం ఆయన పద్ధతి. వీధిలో ఏడెనిమిది ఇళ్లూ, చివరనున్న చర్చీ ఆ పెట్టె మీదే నడుస్తాయి. "దీన్ని ఎవరూ ముట్టుకోకుండా చూడండి మేడంగారూ" అని ఆయన చెప్పినప్పుడు, ఈ మాట నాకు చెప్తున్నాడేంటి అనుకున్నాను.

పరీక్షకి పన్నెండు రోజులున్నాయనగా వచ్చిన ఆదివారం. అత్తయ్యగారు చర్చికి బయల్దేరుతూ గుమ్మంలో ఆగి, "దేవుడికి ఒక్క గంట ఇవ్వలేని చదువేం చదువమ్మా" అన్నారు. నేను గొళ్లెం పెట్టుకుని పని మొదలెట్టాను. ఆ రోజు నేను కావాలనే నా స్విచ్‌లో, పొరపాటున రెండు వైర్లు కలిసినా లైను దెబ్బతినకుండా ఆపే రక్షణ ఒకటి తీసేశాను, అది లేకపోతే ఏమవుతుందో చూద్దామని. మధ్యలో ఏదో ఫైలు కావాల్సి వచ్చి వరండా పెట్టె నుంచి నా స్విచ్‌కి ఒక వైరు లాక్కున్నాను. ఇంకో అరగంటకి అది మర్చిపోయి రెండోది లాగాను. ఒకే పెట్టెకి అలా రెండు వైర్లు కలిస్తే, మైకు ముందు స్పీకరు పెట్టినట్టే. పంపిన మాటే తిరిగొచ్చి, మళ్లీ మళ్లీ తిరిగి, లైను మొత్తం కూత పెడుతుంది.

కాసేపటికి కిటికీ లోంచి పక్కింటి మామ్మగారి గొంతు. ఆవిడ మంచం దిగలేరు. ఆదివారం ఆరాధన ఫోన్లోనే చూస్తారు. "అమ్మాయ్, పాట మధ్యలో ఆగిపోయిందే. చర్చిలోనే ఆగిందో ఏంటో, చూసిపెట్టవా?"

"కేబుల్ వాళ్ల సంగతి తెలిసిందే కదండీ మామ్మగారూ, నేను చెప్తానుండండి" అని ఆయనకి ఫోన్ చేసి కడిగేశాను. పది నిమిషాల్లో బండి మీద వచ్చేశారు. వరండాలో పెట్టె వైపు ఒకసారి చూశారు. నా వైపు చూశారు. "ఆయ్, చూస్తానండి" అని నిచ్చెన తీసుకెళ్లి ఎర్రటి ఎండలో మా ఎదురు స్తంభం ఎక్కారు. దిగి, ఇంకోటి ఎక్కారు. నేను గేటు దగ్గర నిలబడి, జాయింట్లు సరిగ్గా వేయకపోతే ఇలాగే అవుతుందని పాఠం చెప్పాను. ఆయన పైనుంచి తలూపుతూ విన్నారు.

నీళ్లు తాగడానికి లోపలికొస్తే నా స్విచ్ లైట్లన్నీ ఒక్కలా రెపరెపలాడుతున్నాయి. రెండు వైర్లూ కనబడ్డాయి. ఒకటి పీకేశాను.

"వచ్చిందా అండీ?" అని స్తంభం మీద నుంచి కేక.

"వచ్చిందండి" అన్నాను. అంతకుమించి ఒక్క మాట అనలేదు. అప్పటికి ఆరాధన అయిపోయింది.

తర్వాత నాలుగు రోజులు ఒక్క పేజీ ఎక్కలేదు. ఏ లెక్క మొదలెట్టినా ఎండలో ఆ నిచ్చెనే కళ్లముందు. ఉన్న పన్నెండు రోజుల్లో నాలుగు ఇలా తగలేస్తున్నానని నామీద నాకే కోపం, ఆ కోపం అత్తయ్యగారి మీద. ఐదో రోజు పొద్దున్నే స్కూటీ తీసి బజార్లో ఆయన షాపుకెళ్లాను. పరీక్ష కోసమే వెళ్లానని ఒప్పుకోవాలి. చెప్పేస్తే చదువు సాగుతుందనుకున్నాను.

"మొన్న లైను పోయింది మా ఇంట్లోంచేనండి. నేనే రెండు వైర్లు పెట్టాను."

ఆయన ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "తెలుసండి. పెట్టె లైట్లు చూడగానే తెలిసిందండి."

"మరి స్తంభాలెందుకు ఎక్కారు?"

ఆయన ఇబ్బందిగా నవ్వారు. "మీరు పెద్ద చదువు చదివారు. వీధిలో అందరూ వింటుండగా మీ వైరేనండి అని ఎలా అనమంటారు? నేను ఎక్కి దిగేలోపు మీరే చూసుకుంటారనుకున్నానండి. మొదటి స్తంభం అయ్యేసరికి చూడలేదు. అందుకని రెండోది ఎక్కాను."

నాకు కోపమొచ్చింది. ముందు వచ్చింది కోపమే. "చెప్పాల్సింది కదండీ, పాపం మామ్మగారు ఆరాధన చూడలేకపోయారు" అన్నాను.

"చెప్తే వినేవారా అండీ?"

వెటకారం కాదు. నిజంగానే అడిగారు. నేను స్కూటీ తిప్పుకుని వచ్చేశాను. ఇంటికొచ్చి మామ్మగారికి జరిగింది చెప్పాను. పోనీలేమ్మా అన్నారు గానీ మొహం అటు తిప్పుకున్నారు. సిగ్గుతో ఆ రోజు అన్నం సహించలేదు. చదువు మాత్రం ఆ సాయంత్రమే మొదలైంది. గదిలో తిరగడం తగ్గలేదు, తిరుగుతూనే చదివాను.

బెంగళూరులో పొద్దుటి భాగం బాగానే గడిచింది. మధ్యాహ్నం రెండు దాటాక ఒక లింకు ఉన్నట్టుండి చచ్చిపోయింది. ఐదు నిమిషాలు చూశాను, పది నిమిషాలు చూశాను. మెషిన్ పాడైందనే అనిపించింది, ఒట్టేసి చెప్పగలను. చెయ్యెత్తాను. పర్యవేక్షకుడు వచ్చి పక్కన నిలబడి ఏమైందని అడిగాడు. నాలుక చివరిదాకా వచ్చిన మాట ఒకటుంది. దాన్ని మింగి, "ఏం లేదండీ, తప్పు నాదే అయ్యుంటుంది, వెతుక్కుంటాను" అని ఇంగ్లీషులో చెప్పాను. ఆయన సరేనని వెళ్లిపోయాడు.

అప్పటికి తప్పెక్కడుందో నాకు తెలియదు. నాదని కూడా తెలియదు. పొద్దుటి నుంచి నేను కొట్టిన ప్రతి లైనూ మొదటి నుంచి చదువుకుంటూ వచ్చాను. ఇరవై నిమిషాలు పట్టింది. నా చేత్తో నేను కొట్టిందే. దాన్ని చెరిపేస్తుంటే ఏడుపొచ్చేసింది, పక్క సీటాయన తిరిగి చూశాడు. మర్నాడు తిరుగు రైల్లో ఉండగా పాసయ్యానని మెయిలొచ్చింది.