సానకు అరిగిన అంచు

దుప్పికొమ్మును సానరాయి మీద అరగదీస్తే గంధం తీసినట్టు మెత్తని చప్పుడు వస్తుంది. ఆ రోజు వంటింట్లోంచి వచ్చింది ఆ చప్పుడు కాదు, రాతిని రాయి గీకుతున్న చప్పుడు. పెరట్లో గుడ్డలు ఉతుకుతున్నదాన్ని తడిచేతులతోనే లోపలికి పరుగెత్తాను.

చంటివాడికి రొమ్ము పడిశం. దుప్పికొమ్ము అరగదీసి ఛాతీ మీద పట్టు వేయడం కొల్లేటి అంచున మా అత్తవారి ఊళ్ళో ప్రతి ఇంటా ఉన్నదే. కాని అత్తగారి చేతిలో ఉన్నది కొమ్ము కాదు. నేను దాచుకున్న రాతిపన్ను.

"అదెక్కడిదండీ అత్తయ్యగారూ?"

"మందుల పెట్టెలోదేనే అమ్మాయ్. బాగా ముదిరిన కొమ్ము. చూడు, గంధం ఎర్రగా వస్తోంది."

లాక్కున్నాను. మొన పోయింది. వెనక అంచు చాలావరకు నున్నగా అరిగిపోయింది.

మా నాన్నగారు జబల్పూరులో రైలు పనులు చేయించినప్పుడు కొండ తవ్వకంలో దొరికిన, రాయిగా మారిన పూర్వకాలపు జంతువుల పళ్ళు అవి. నేను మద్రాసులో జంతుశాస్త్రం చదువుతుంటే తెచ్చి ఇచ్చారు. పెన్సిలు ముక్కల్లా ఉన్నవి ఆకులు మేసిన రాక్షసబల్లివనీ, గుండ్రంగా ఉండి అడుగున గుంటపడ్డవి మొసలివనీ పోల్చుకున్నాను. ఇదొక్కటే తేలలేదు. పలచగా, వెనక్కి వంగి ఉంది. అంచుకు పట్టిన మట్టిని సూదితో కొంచెం కొంచెంగా తీస్తున్నాను. ఆ అంచున రంపపు పళ్ళుంటే అది మాంసం తిన్న రాక్షసబల్లిదే. మావారు మాత్రం మొదటినుంచీ మొసలిదనే అంటారు.

మందుల పెట్టెలో పడేసింది కూడా ఆయనే. తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన మిల్లు స్నేహితులకు చూపించి నవ్వించి, ఆనక అందులో పడేశారట.

"మా ఆవిడ పళ్ళ డాక్టరండీ, చచ్చినవాటికే చూస్తుంది అన్నాను. ఒకటే నవ్వు."

"ఏవండీ, నన్ను అడగొద్దా?"

"మొసలి పన్నుకి అడగడమేంటి? గోదాట్లో కావలసినన్ని."

పిల్లలు పడుకున్నాక ఇది రాస్తుంటే ఆ మాటకు ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది.

అత్తగారు చంటివాణ్ణి భుజాన వేసుకుని, "వీడు గురగురలాడుతుంటే నీకు రాళ్ళ మీద దిగులా తల్లీ" అన్నారు. అది గుచ్చుకుంది. వాడి ఊపిరి వింటూ కూర్చునేది నేనే. అసలు కొమ్ము వెతికి, నేనే అరగదీసి పట్టు వేశాను. కోపంలో సానకు నా వేలు కూడా గీరుకుంది.

సాయంత్రం వాడు తేలిగ్గా ఊపిరి తీస్తుంటే పన్ను, భూతద్దం తీసుకుని కూర్చున్నాను. అత్తగారు వేళ్ళతో పట్టుకున్న చోట, మొదలు దగ్గర, బియ్యపుగింజంత అంచు మిగిలి ఉంది. మట్టి తీశాను. సన్నని రంపం. మావారికి చూపించాను.

"అయితే అయిందిలే. దీనికింత రాద్ధాంతమా?" అన్నారు, అద్దం అందుకోకుండానే.

మర్నాడు పొద్దున మా పెద్దమ్మాయి, దాని తమ్ముడు వచ్చి అడిగారు. "అది మొసలిదటగా అమ్మా? నాన్నగారు చెప్పారు."

భూతద్దం వాళ్ళ చేతికిచ్చి, వీధి అరుగు మీద కూర్చున్న ఆయనకు వినపడేలాగే చెప్పాను.

"కాదు. ఇక్కడ చూడండి, రంపంలా లేదూ? మన మొసళ్ళ పళ్ళకు ఇది ఉండదు. నాన్నగారు చూడకుండా చెప్పారు. మీరు చూసి చెప్పండి. ఇంకోటి, ఈ పళ్ళు అమ్మవి. ముట్టుకోవాలంటే అమ్మని అడగాలి. నాన్నగారైనా సరే."