రత్తం తక్కువ మేడమ్

నా మొదటి ఉద్యోగం పరాయివాళ్ళు అన్నం తింటుంటే చూస్తూ కూర్చోవడం. ఆ మాట ఇంట్లో చెబితే మా నాన్న నమ్మలేదు. విజయనగరంలో కిరాణా కొట్టు నడిపే మనిషి ఆయన. "తినేవాళ్ళని చూడ్డానికి డిగ్రీ ఎందుకే?" అన్నారు.

నిజానికి అది పరిశోధన. రెండేళ్ళలోపు పిల్లలకీ వాళ్ళ తల్లులకీ రోజూ తినే తిండిలోంచి ఇనుము, జింకు ఎంత అందుతున్నాయో లెక్క కట్టాలి. పోషకాహారం చదివి ఆ జట్టులో చేరిన నాకు పాతపట్నం అవతల, ఒడిశా సరిహద్దు వైపున్న పల్లెలు వంతుకొచ్చాయి. చెప్పడానికి పని తేలికే. పొద్దున్నే ఒక ఇంటికి వెళ్ళాలి. వండబోయే ప్రతి వస్తువునీ తూచాలి. పిల్ల పళ్ళెంలో పెట్టింది తూచాలి, వదిలేసింది తూచాలి, మొదటిదాంట్లోంచి రెండోది తీసేయాలి. తల్లి తిన్నదీ అంతే. ప్రతి వంటకంలోంచీ కొంచెం ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ల్యాబుకి పంపాలి. సాయంత్రం తల్లికీ పిల్లకీ వేలు పొడిచి, ఒక్కో చుక్క రక్తం తీసి, హిమోగ్లోబిన్ ఎంతుందో మెషిన్‌లో చూడాలి.

శిక్షణలో మా సార్ ఒకే మాట పది సార్లు చెప్పారు. "మీరక్కడ గోడలా ఉండాలి. మిమ్మల్ని చూసి వాళ్ళు తిండి మార్చుకోకూడదు."

నా గోడతనం మొదటి ఇంట్లోనే కూలిపోయింది.

అది వరీ, అక్కడ చోళ్ళు అనే రాగులూ పండించుకునే ఇల్లు. మగవాళ్ళు తెల్లారకుండానే పొలానికి వెళ్ళిపోతారు. పగలు ఇంట్లో ఉండేది ముగ్గురు: అరవై దాటిన అత్తగారు, ఆవిడ కోడలు, ఏడాదిన్నర మనవరాలు. పెద్దావిడని నేను మామ్మా అనేదాన్ని. తూకం యంత్రం సంచీలో పెట్టుకుని ఆరున్నరకి గుమ్మంలో అడుగు పెట్టేసరికి గుప్పుమని కోడికూర వాసన.

"మామ్మా, రోజూ ఏం తింటారో అదే వండుకోమని మొన్న చెప్పాను కదా."

"రోజూ తింతన్నదే కదమ్మడూ ఇది."

"పొద్దున్నే కోడికూరా?"

"కోడికూర, గారెలు, బెల్లం పరమాన్నం. మాకలవాటే," అంది మామ్మ, ఎటో చూస్తూ. కోడలు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరుగెత్తింది. ఆ నవ్వు గోడ అవతలనుంచి చాలాసేపు వినబడింది.

నేనేం చేయను? తూచాను. అలవాటులేని వంటకాలు చూసి పిల్ల కంగారుపడింది. కోడి ముక్క నోట్లో పెడితే ఉమ్మేసింది. పరమాన్నం జుట్టుకి రాసుకుంది. గారె మాత్రం గట్టిగా పట్టుకుని వాకిట్లోకి నడిచింది, రెండడుగులు వేశాక కింద పడేసింది. కింద పడింది కూడా ఏరి తూచాలని మాకు నియమం. నేను ఏరేలోపే పెరట్లో బతికి ఉన్న కోళ్ళలో ఒకటి వచ్చి గారె సగం తినేసింది.

సార్‌కి ఫోన్ చేశాను.

"సార్, పాప వదిలేసింది కోడి తినేసింది. ఏమని రాయమంటారు?"

"కోడిని ముందే తూచి ఉంటే బాగుండేది," అన్నారు. ఆయన సరదాకి అన్నారో నిజంగానే అన్నారో నాకు ఈరోజుకీ తెలియదు.

పిల్ల ముద్దముద్దకీ నేను అంకెలు రాస్తుంటే మామ్మ మొహం మారిపోతూ వచ్చింది. మధ్యాహ్నం అయ్యేసరికి ఇక ఆగలేక, గుప్పెడు కళ్ళుప్పు, నాలుగు ఎండుమిరపకాయలు తీసుకుని పిల్ల చుట్టూ మూడుసార్లు తిప్పింది. నేను పని మైకంలో ఉన్నాను. "మామ్మా, ఆ ఉప్పు తూచలేదు," అన్నాను.

"ఇది తినే ఉప్పు కాదు," అంది మామ్మ, ఒక్కో మాటా విడదీసి. "నీ దిష్టికి తీసిన ఉప్పు."

మిరపకాయలు పొయ్యిలో పడ్డాయి. అందరం తుమ్ముకుంటూ బయటికొచ్చాం. ఆ రోజు రక్తం ఊసెత్తే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ కాగితాలు చూసి సార్, "ఇది రోజువారీ తిండి కాదు, పండగ. ఇంకో రోజు మళ్ళీ చేయండి," అన్నారు. నాలుగు రోజుల తర్వాత మళ్ళీ వెళ్ళి, తూకం బయటికి తీయకుండా అరుగు మీద మామ్మ పక్కన కూర్చున్నాను.

"ఎందుకు మామ్మా అంత వంట చేశావు?"

"మరేటి సెయ్యమంతావు? ఈ ఇంట్లో పిల్లకి సోడంబలే పోస్తన్నారని రాసుకుని ఎల్పోతావు. ఊరూరూ సదివినిపిస్తావు. మా పరువేటి గావాల?"

"పేరు ఎక్కడా రాయం మామ్మా. నెంబరు ఒక్కటే."

"నెంబరుకైనా పరువుండదేటి?"

నా దగ్గరున్న కాగితం తీసి చూపించాను. పేరుండాల్సిన చోట అంకె తప్ప ఏమీ లేదు. కోడలు వచ్చి వంగి చూసింది. ఇంటర్ చదివిన పిల్ల ఆమె. పేరు కోసం వెతకడం మానేసి నా లెక్కలు చూడడం మొదలుపెట్టింది. "మేడమ్, ఇక్కడ తీసివేత తప్పు. నూట ఇరవైలో ముప్పై ఎనిమిది పోతే ఎనబై రెండు. మీరు తొంబై రెండు రాసీసినారు."

నిజమే, తప్పు. మామ్మ కోడలి వైపు చూసిన చూపులో గర్వం కనిపించింది. అంతటితో నా మీద కోపం సగం తగ్గినట్టుంది. "సరే, తియ్యి నీ తరాజు," అంది.

ఆ రోజు అన్నీ మామూలుగానే వండారు. పొద్దున్న చోడంబలి, మధ్యాహ్నం అన్నం, తోటకూర, చారు, రెండు ఎండుచేపలు. పిల్ల అంబలి ఆవురావురుమని తాగింది. కోడలి తిండి తూచడమే కష్టమయింది. అందరి తిండీ అయ్యాక, గిన్నెలో మిగిలిన అన్నంలో చారు పోసుకుని నిలబడే తినేస్తుంది. పళ్ళెంలో పెట్టుకోమని బతిమాలుకోవాల్సి వచ్చింది. "గిన్నె కడగడం తప్పుతాది కదా మేడమ్," అంటుంది.

మధ్యమధ్యలో నేను మంచి మాటలు కూడా చెప్పాలి. ఆకుకూర మీద నిమ్మకాయ పిండుకోండి, ఒంటికి ఇనుము బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగకండి, తిన్న ఇనుమంతా వృథా అవుతుంది. ఈ రెండో మాట నేను గట్టిగా, వేలెత్తి మరీ చెబుతున్నాను. రెండో చేతిలో టీ గ్లాసు ఉంది. అది ఆ పూటకి మూడోది. నాకది తోచలేదు. కోడలికి తోచింది. మళ్ళీ తువ్వాలు నోటికి అడ్డం వచ్చింది.

సాయంత్రం మెషిన్ బయటికి తీశాను. సూది చూడగానే కోడలి నవ్వు ఆగిపోయింది. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది.

"వద్దు మేడమ్. నాకు బయ్యం."

"చీమ కుట్టినట్టు ఉంటుంది, అంతే."

"అయితే ముందు నువ్వు పొడుసుకో," అంది మామ్మ.

అప్పటికి ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నలుగురైదుగురు అరుగు మీద చేరారు. నేను నవ్వుతూ, ఎంతో ధీమాగా నా వేలు చాపాను. పొడుచుకున్నాను. చుక్క తీసి మెషిన్‌లో పెట్టాను. "చూశారా, ఏమీ లేదు. నాలాంటివాళ్ళకి పన్నెండో, ఆ పైనో చూపిస్తుంది," అన్నాను.

తొమ్మిదిన్నర చూపించింది.

మెషిన్ పాడైందనుకున్నాను. అందరికీ అదే చెప్పాను. కోడలు తనంతట తానే ముందుకొచ్చి వేలు చాపింది. ఆమెకి పన్నెండు దాటింది. మరి మెషిన్‌లో లోపమేంటో తెలియక, దాన్ని సరిచూసే నీళ్ళ మందు వేసి చూశాను. బ్రహ్మాండంగా ఉంది. మళ్ళీ నా ఇంకో వేలు పొడుచుకున్నాను. మళ్ళీ తొమ్మిదిన్నరే.

అరుగు మీద ఎవరికీ అర్థం కానిది ఏమీ లేదు.

"ఓలమ్మో!" అంది మామ్మ, గుండెల మీద చెయ్యేసుకుని. "రత్తం సూడ్డానికొచ్చినమ్మకే రత్తం నేదర్రా!"

అందరూ విరగబడి నవ్వారు. నేనూ నవ్వాననే అనుకుంటాను, కానీ చెవులు మండుతున్నాయి. నాలుగేళ్ళు అదే చదివాను. మెట్లెక్కితే ఆయాసం వస్తే బస్సు ప్రయాణం అనుకున్నాను, మధ్యాహ్నం తూగు వస్తే ఎండ అనుకున్నాను. ఇంట్లో చేపా మాంసం ముట్టం. హాస్టల్లో ఆకుకూర మానేశాను. రోజుకి ఏడెనిమిది టీలు. వేరే ఎవరైనా ఆ వివరాలు చెప్పి ఉంటే రక్తం తక్కువని కళ్ళు మూసుకుని చెప్పేసేదాన్ని.

"అంబలి తాగిన దానికి పన్నెండు, పుస్తకాలు సదివిన దానికి తొమ్మిదిన్నర," అని మామ్మ తీర్పు చెప్పింది. కోడలు కాన్పు అయినప్పటినుంచీ నర్సమ్మ ఇచ్చిన ఇనుము బిళ్ళలు మానకుండా వేసుకుందని నేను అడిగి రాసుకున్నాను. ఆ మాట మామ్మ ముందు అనలేదు. అని నెగ్గేదాన్నీ కాదు.

ఆఖర్న పిల్ల వంతు. మామ్మ ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. పిల్ల ఒక్క అరుపు అరిచి ఊరుకుంది. అంకె చూసి, ఉన్నదే చెప్పాను. పిల్లకీ తక్కువే ఉంది.

మామ్మ పిల్ల పాదాన్ని పట్టుకుని మెల్లగా నిమురుతూ ఉండిపోయింది. "మేం తక్కువ సేసినామా అమ్మడూ?" అని అడిగింది. ఆ గొంతు అంతవరకూ నేను వినని గొంతు.

"లేదు మామ్మా. ఈ వయసులో చాలామందికి ఉంటుంది. ఆసుపత్రిలో మందిస్తారు, పెరుగుతుంది."

"నీకు కూడా ఇస్తారా?"

"ఇస్తారు."

"అయితే రేపు నువ్వూ మాతోటి రా. ఇద్దరికీ ఒక్కపాలే రాయించుకుందుం."

సార్‌కి ఫోన్ చేసి జరిగింది చెప్తే ఆయన గోడ మాట ఎత్తలేదు. "వెళ్ళి రండి," అన్నారంతే. మర్నాడు ఒకే ఆటోలో ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరు మొదట పాపకి మందు రాసి, "మీరేనా పోషకాహారం మేడమ్?" అన్నారు. అవునన్నాను. ఆయన ఇంకేమీ అడక్కుండా నాకూ బిళ్ళలు రాశారు. మామ్మ ఆ చీటీ నా చేతికివ్వలేదు, తన రొంటినే దోపుకుంది.

అమ్మకి ఫోన్లో చెప్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు ఆవిడకి. "ఆ ఊరివాళ్ళు నిన్ను చూసుకోవడానికేటే నీకు జీతమిస్తున్నారు?" అంది.

పల్లెల్లో కబురు నాకంటే ముందు వెళ్ళిపోయింది. ఏ ఇంటికి వెళ్ళినా, "రత్తం తక్కువ మేడమ్ వచ్చినాది, కుర్చీ ఎయ్యండర్రా," అనేవారు. టీ మాత్రం ఎవరూ ఇవ్వరు. అడిగితే, "మామ్మ ఇవ్వొద్దని సెప్పింది," అంటారు. అంబలి ఇచ్చేవారు, పై నుంచి ఉల్లిపాయ ముక్క. మొదటి వారం తలనొప్పితో చచ్చాను. అయితే వేలు పొడిపించుకోవడానికి వెనకాడిన మనిషి మాత్రం ఆ తర్వాత ఆ ఊళ్ళలో ఒక్కరూ లేరు. "మీకెంత వచ్చినాది మేడమ్?" అని అడగడం, వాళ్ళ అంకె నాకంటే ఎక్కువ వస్తే పక్కింటివాళ్ళని పిలిచి చెప్పుకోవడం, అదొక సరదా అయిపోయింది.

మూడు నెలలకి నాకు పదకొండున్నర అయింది. పాపకి కూడా పెరిగింది. జింకు సంగతి ల్యాబు నుంచి రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. ఆ కాగితం పట్టుకుని నేను ఆ ఇంటికి వెళ్ళేసరికి పాప వాకిట్లో పరుగులు పెడుతోంది. జింకు కూడా కాస్త తక్కువగానే అందుతోందనీ, పప్పులూ చేపలూ కొంచెం పెంచమనీ చెప్పాను. కోడలు ఈసారి కూర్చుని వింది. ఒకటి రెండు సందేహాలు అడిగింది.

మామ్మ మొత్తం విని, "జింకు అంటే మా ఇంటి పైకప్పు రేకే కదేటి? అది తక్కువెలగవుతాది?" అంది.

చెప్పడానికి అరగంట పట్టింది. ఆఖరికి నమ్మిందో లేదో తెలియదు గాని, లేచి లోపలికి వెళ్ళి, నాకూ పాపకీ చెరో గిన్నెలో పప్పు పోసి తెచ్చింది.