మూడో పలుపు

మా తోడికోడలు నాకంటే చిన్నది, నాకంటే పొడుగు, నా తర్వాత ఈ ఇంటికి వచ్చింది. ఈ మూడింటిలో నేను మన్నించగలిగింది చివరిదొక్కటే. నేను కుట్టిన జాకెట్టు నా ఒంటి మీద కంటే ఆమె ఒంటి మీద బాగుండేది. ఒకే సంతలో ఒకే కుప్ప నుంచి ఏరుకున్న టమాటాలతో ఇద్దరం పచ్చడి చేస్తే, ఆమె గిన్నే ముందు ఖాళీ అయ్యేది. దుమ్ముగూడెం వైపు పోయే దారిలో, అడవి మొదలయ్యే చోట మా రెండిళ్లూ పక్కపక్కనే ఉంటాయి. మధ్యలో నడుమెత్తు గోడ. దాన్ని ఇంకో నాలుగు వరసలు లేపి ఉంటే నేను కాస్త సుఖంగా బతికేదాన్ని.

ఆవుల ఆలోచన మాత్రం పూర్తిగా నాది. కుట్టుమిషను తొక్కీ తొక్కీ మోకాళ్లు మొరాయించాక, రెండు మంచి పెయ్యలను తెచ్చి పెంచుకుందామనుకున్నాను. అవి ఈనితే, వాటికి పుట్టే ఆడదూడలను నిలుపుకుంటూ మెల్లగా చిన్న మంద చేసుకోవాలి. పాలిచ్చే ఆవునే కొనుక్కోరాదా అని మా ఆయన అన్నాడు. పాలిచ్చే ఆవు వేరే ఎవరి చేతుల్లోనో పెరిగి వస్తుంది. పెయ్య అయితే నా చేతుల్లో పెరుగుతుంది. ఈ వాకిట్లో ఒక్కటంటే ఒక్కటైనా నాది మొదటిది, నాది మేలైనది అనిపించుకోవాలని నా పంతం.

అందుకని పశువుల దవాఖానాలో డాక్టరును విసిగించి మరీ అన్నీ నేర్చుకున్నాను. పెయ్యను చూసే ముందు దాని తల్లిని చూడాలి, తల్లి పొదుగు చూడాలి. పెయ్యకు నాలుగు చన్నులూ ఎడంగా, సమంగా ఉండాలి. చర్మం పట్టుకుంటే వదులుగా, పల్చగా చేతికి రావాలి. తుంటి వెడల్పుగా ఉంటే రేపు ఈనేటప్పుడు ఇబ్బంది పడదు. ముక్కు తడిగా ఉండాలి, నడిపిస్తే వెనక కాళ్లు ఒకదానికొకటి రాసుకోకూడదు. కోడెదూడతో కవలగా పుట్టిన పెయ్య ఎంత అందంగా ఉన్నా చాలావరకు చూడి కట్టదు కాబట్టి ఆ మాట అడిగి తెలుసుకోవాలి. ఇదంతా నేను మా ఆయనకు గట్టిగా అప్పజెబుతుంటే గోడ అవతల బట్టలు ఆరేస్తున్న చప్పుడు ఆగిపోయింది.

"ఎటక్కా, పెయ్యలకా?" అంది తోడికోడలు.

"అవ్. ముదిగొండ దిక్కు ఒక రైతు అమ్ముతుండట."

"నేను గూడ వస్త. ఊకెనే. ఇంట్ల పొద్దు పోతలేదు."

ఉత్తినేనట, ఊకెనే! ఆ మాట గుర్తుపెట్టుకోండి.

ఇక్కడ పలుపు సంగతి చెప్పాలి. మా వైపు పశువును అమ్మితే దాని మెడలో ఉన్న పలుపుతాడు ఇవ్వరు. అది ఇస్తే ఇంట్లో పాడి దాంతోపాటే వెళ్లిపోతుందంటారు. కొనేవాళ్లే కొత్త పలుపు తెచ్చుకుని పశువు మెడకు వేయాలి. వేశారంటే బేరం అయిపోయినట్టే. వేసిన పలుపును మళ్లీ తీస్తే అమ్మినవాళ్లకు అరిష్టమని, తీయనివ్వరు. మాది ఆదివారం తప్పకుండా చర్చికి పోయే ఇల్లు. సుడులూ శకునాలూ చూడం. కానీ పలుపు దగ్గరికి వచ్చేసరికి మా అత్తగారు కూడా బైబిలు పక్కన పెట్టి "కొత్తది తీస్కపో బిడ్డా" అని చెప్పి పంపింది. నేను సంతలో రెండు పలుపులు కొన్నాను. రెండు పెయ్యలకు రెండే కదా.

ఆ రైతు వయసు మళ్లినవాడు. చాకిరీ చేయలేక మంద తగ్గించుకుంటున్నాడు. నేను కొట్టంలోకి దిగి నా చదువంతా చూపించాను. తల్లులను చూశాను, చన్నులు లెక్కపెట్టాను, చర్మం పట్టి లాగాను, ప్రతిదాన్నీ వాకిట్లో అటూ ఇటూ నడిపించాను. కవలల మాట అడిగితే ఆ పెద్దాయన "ఏందమ్మా, డాక్టరువా?" అని నవ్వాడు. నా ఛాతీ ఇంత అయింది. తోడికోడలు అరుగు మీద కూర్చుని వేరుశనక్కాయలు వొలుచుకుంటూ ఉంది. ఆమె ముందు నేను అన్నీ తెలిసినదానిలా తిరుగుతున్నాననే సంతోషం, అబద్ధమెందుకు, పెయ్యలు దొరికిన సంతోషం కంటే ఎక్కువ.

ఒక నల్లదాన్నీ, ఒక చుక్కలదాన్నీ ఎంచుకున్నాను. రెండూ మంచివే. ఇప్పటికీ ఆ మాటే అంటాను. పలుపులు తీసి వాటి మెడలకు వేశాను.

సరిగ్గా అప్పుడు కాలువలో నీళ్లు తాగడానికి పోయిన పశువులు తిరిగొచ్చాయి. వాటిలో తల్లి పక్కన ఒక ఎర్ర పెయ్య ఉంది. గంగడోలు నిండుగా వేలాడుతోంది. వీపు పలకలా సమంగా ఉంది. పొదుగు దగ్గర నాలుగు చన్నులూ చేత్తో అమర్చినట్టు ఉన్నాయి. దాని తల్లి పొదుగు చూశాను, వంగి ఇంకోసారి చూశాను. నేను నేర్చుకున్న పాఠమంతా నాలుగు కాళ్ల మీద నడిచి వస్తున్నట్టుంది.

"పెద్దయ్యా, దీన్ని గూడ అమ్ముతవా?" అన్నాను.

"అడిగినోళ్లకు ఇస్త."

"ఈ చుక్కలది వద్దు. దాని బదులు ఇది ఇయ్యి."

ఆయన చెవులు మూసుకున్నాడు. "ఏసిన పలుపు తీస్తరా తల్లీ! నా ఇల్లు బాగుండొద్దా? ఇంకో పలుపు ఉంటె చెప్పు, ఇప్పుడే ఏసుకపో."

ఇంకో పలుపు లేదు. చీర చింపి వేద్దామా అన్నంత పిచ్చి పట్టింది. వెంట వచ్చిన మా ఆయనను దగ్గరలో కొట్టు ఎక్కడుందో చూసి జల్దీ రమ్మని తరిమాను. ఆయన ఇంకా బండి తాళాలు వెతుక్కుంటూనే ఉన్నాడు. తోడికోడలు అరుగు దిగింది. ఒడిలోని పొట్టు దులుపుకుంది. సంచిలో చెయ్యి పెట్టి, అన్నం డబ్బా పక్కకు జరిపి, దాని కింది నుంచి కొత్త పలుపు తీసింది. మెత్తగా పేనిన జనుపతాడు, నా రెండింటికంటే మంచిది. వెళ్లి ఎర్రదాని మెడకు వేసింది. అది ఎప్పటినుంచో ఎరిగినదానిలా ఆమె మోచెయ్యి నాకింది.

"ఊకెనే వస్తన్న అన్నవ్ గద!" అన్నాను. నా గొంతు నాకే కీచుగా వినిపించింది.

"ఊకెనే వచ్చినక్కా. పలుపు గూడ ఊకెనే తెచ్చిన," అని నవ్వింది. అక్కడికక్కడే మా మరిదికి ఫోన్ చేసి బేరం తేల్చేసింది.

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఏడుపు కాదు, మంట. మూడూ ఒకే కిరాయి బండిలో వచ్చాయి. భద్రాచలం బ్రిడ్జి మీద గాలికి నా పెయ్యలు రెండూ బెదిరి ఒకదాన్నొకటి తొక్కుకున్నాయి. ఎర్రది మాత్రం మధ్యలో నిలబడి గోదారిని చూస్తూ నెమరు వేసింది. ఇంటి ముందు బండి ఆగగానే వాడకట్టు ఆడవాళ్లంతా వచ్చి "ఆ ఎర్రది ఎవరిది?" అని అడిగారు. పక్కన నిలబడ్డ రెండింటినీ ఒక్కరూ అడగలేదు.

ఆ రోజు నుంచి గోడ మీద నా తలకాయ లేని పూట లేదు. ఎర్రది ఎంత పెరిగిందో చూడకుండా నాకు అన్నం దిగేది కాదు. అది ముందుండకూడదని నా వాటికి దాణా ఎక్కువ పెట్టాను, కుడితిలో తవుడు ఎక్కువ కలిపాను. నల్లది బాగా బలిసింది, ఎదకు రాలేదు. డాక్టరు వచ్చి చూసి "ఏందమ్మా, పెయ్యను పెంచుతున్నవా, దున్నను పెంచుతున్నవా?" అని తిట్టి దాణా సగం కోయించాడు. గోడ అవతల నవ్వు ఆపుకున్న చప్పుడు వినబడింది. తోడికోడలు ఎర్రదానికి ప్రత్యేకంగా ఏమీ పెట్టేది కాదు. ఊరి మందతో అడవి అంచుకు తోలేది. ఇప్పపూలు రాలే రోజుల్లో అది సాయంత్రం ఇంటికి వస్తే ఊపిరి కూడా తియ్యగా వాసన వచ్చేది. ముందు చూడి కట్టింది కూడా అదే.

అప్పుడొకసారి తోడికోడలు తల్లిగారింటికి పోయి ఒక పూట రాలేకపోయింది. ఎర్రదానికి గడ్డి వేసే పని నాకు పడింది. వేశాను. ఎవరూ లేరు కదా అని దాని మెడ కింద చెయ్యి పెట్టి నిమిరాను. చర్మం పల్చగా, వదులుగా నా వేళ్లలోకి వచ్చింది. అది నా మోచెయ్యి కూడా నాకింది. దానికి ఎవరైనా ఒకటేనని తెలిసి నాకు సంతోషం కలగాలి. కానీ ఇది నాది కాదే అని ఇంకా ఎక్కువ కుమిలాను. ఆ వారమే సంతకు వెళ్లి ఒక పలుపు కొన్నాను. మెత్తటి జనుపతాడు. ఎందుకని మా ఆయన అడిగితే, పాతది చివికిందన్నాను.

మొన్న ఎర్రది ఈనింది. పెయ్యే పుట్టింది, అచ్చం తల్లి రంగు. తెల్లవారగానే సంచిలో బెల్లం పెట్టుకుని వెళ్లాను. దూడ తడి ఆరక ముందే లేచి వణుకుతున్న కాళ్లతో పొదుగు వెతుక్కుంటోంది. వెనక నుంచి దాని తుంటి చూశాను, చన్నులు చూశాను. నా చూపు నా అదుపులో లేదు.

"ఊకెనే చూసిపోదామని వచ్చిన," అన్నాను.

తోడికోడలు నా మొహం చూడలేదు. నా సంచి చూసింది. వచ్చి, తిన్నగా అందులో చెయ్యి పెట్టి, బెల్లం ముద్ద పక్కకు జరిపి పలుపు బయటికి తీసింది. నేను నేలలోకి కూరుకుపోతే బాగుండుననిపించింది. ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. దాన్ని చేత్తో సాగదీసి చూసి, కొట్టంలో తన తాళ్లు వేలాడే మేకుకే దీన్నీ తగిలించింది.

"పాలు మరవనియ్యక్కా. అప్పుడు నువ్వే ఏసుకపో," అంది. జున్నుపాలు పిండడానికి చెంబు కోసం లోపలికి వెళ్లింది.

మంచి పెయ్యను ఎంచడం ఆమెకు ఎలాగూ వచ్చు. దాన్ని ఇంత తేలిగ్గా ఇచ్చేయడం కూడా వచ్చట. నేనైతే చచ్చినా ఇవ్వను. గుమ్మంలో నిలబడి, ఆ పెయ్యనూ మేకుకు వేలాడుతున్న నా పలుపునూ చూస్తూ, ఆమె మీద ఇంకోసారి కడుపారా కుళ్లుకున్నాను.