రెంతిగ్ బారెడు వంటిల్లు

పొయ్యి ముందు నిలబడితే రెంతిగ్‌కు అటక మీది ఉప్పు కుండ అందదు. కాపురానికొచ్చిన నాటి నుంచీ ముక్కాలి పీట ఎక్కి దిగుతూనే మనవరాళ్ళను ఎత్తుకుంది. బాలిలో ఇల్లు లేచేది యజమాని ఒంటి కొలతతో. ఆ వంటిల్లు కట్టించిన ఆమె మామగారు తాటిచెట్టంత మనిషి. మొగుడు లానుస్ ఆయనకేమీ తీసిపోడు.

మొన్న భూమి కంపించినప్పుడు వంటిల్లు ఒక్కటే కూలింది. అంతటితో పోయిందని అందరూ దేవుడికి దణ్ణం పెట్టుకున్నారు. రెంతిగ్ మాత్రం లోలోపల సంబరపడుతూ పెట్టుకుంది.

కొత్తది కట్టడానికి తంబున్ వచ్చాడు. లానుస్‌కు పినతండ్రి కొడుకు, ఊళ్ళో ఇళ్ళన్నిటికీ కొలతలు పెట్టే స్థపతి. వెదురు బద్ద పట్టుకుని అన్నను చేతులు బార చాపమన్నాడు. ఆ చేతుల కింద నుంచి దూరి రెంతిగ్ ముందుకొచ్చి, తన చేతులు చాపింది.

తంబున్ నవ్వాడు. ఆమె చేతులు దించకపోయేసరికి నవ్వడం మానేశాడు. యజమానిని కొలవకుండా కడితే ఇంటిల్లిపాదికీ జబ్బులనీ, వంటిల్లుండేది బ్రహ్మదేవుడి అగ్ని ఉండే దక్షిణ దిక్కు, అక్కడ పరాచికాలు పనికిరావనీ గుక్క తిప్పుకోకుండా చెప్పుకొచ్చాడు.

"ఆ బ్రహ్మకి పొద్దున్నే మొదటి ముద్ద పెట్టేదెవరు మరిదీ? మీ అన్నకి పొయ్యి ఎటుందో కూడా తెలీదు."

"అన్న ఒప్పుకోవాలి కదా వదినా!"

రెంతిగ్ మొగుడి వైపు చూసింది. ఈయన కాదంటే చచ్చేదాకా ఆ పీటే గతి.

లానుస్ నెమ్మదిగా చేతులు దించాడు. "మీ వదిననే కొలవరా. ఇన్నాళ్ళూ నేను తిన్నదంతా పీటెక్కి వండిందే" అన్నాడు.

తంబున్ తల గోక్కుని ఓ దారి కనిపెట్టాడు. ఒంటి కొలత ఎంతొచ్చినా దాని మీద ఇంకాస్త కలుపుతారు. ఇంటికి ప్రాణం పోసేది ఆ కాస్తే. అది లేకపోతే ఇల్లు ఉత్త కట్టె. ఆ కాస్తకు అన్న చిటికెన వేలు వెడల్పు తీసుకుంటానన్నాడు. బద్ద మీద ఆమె బార చివర లానుస్ వేలి గీత పడింది.

గృహప్రవేశం నాడు పూజారి గంట వాయించి వెళ్ళాక రెంతిగ్ అన్నం వండింది. ఉప్పు కుండ నిలబడ్డ చోటి నుంచే అందింది. మొదటి ముద్ద అరిటాకు ముక్కలో పొయ్యి పక్కన పెడుతుండగా వెనక ఠప్పున చప్పుడైంది. లానుస్ నుదురు గుమ్మానికి తగిలింది.

"నా వేలెడు కలిపాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే తల పగిలేది" అంటూ, ఈసారి బాగా వంగి లోపలికొచ్చాడు.

నవ్వాపుకోలేక రెంతిగ్ ముక్కాలి పీట అతని వైపు తోసింది. దాని మీద కూర్చోబెట్టి అన్నం వడ్డించింది.