ఒక్క చేత్తో బిట్టు

వర్ధన్నపేట వడ్రంగి రాయమల్లు ఏ డ్రిల్ బిట్టు కొన్నా ముందు దుకాణం గాజుబల్ల మీద దొర్లించి చూస్తాడు. కొంచెం ఎగిరినా వంకరుందని పక్కన పెట్టేస్తాడు. చెవి మీద పెన్సిలు, జేబులో మడత స్కేలు, కనుబొమల్లో ఎప్పుడూ రంపపు పొట్టు. నిరుడు పక్షవాతంతో ఆయన ఎడమచేతికి పట్టు పోయింది. డ్రిల్ మిషన్‌లో బిట్టు మార్చి బిగించాలంటే రెండు చేతులు కావాలి. మార్చిన ప్రతిసారీ భార్య మొగిలమ్మ వంట వదిలి వచ్చి బిగించేది. ఆమె ఏనాడూ విసుక్కోలేదు. మాటిమాటికీ పిలవలేక ఆయనే పనులు ఒప్పుకోవడం తగ్గించాడు.

మొన్న ఇద్దరూ మిషన్ పట్టుకుని హన్మకొండలోని హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్లారు. దుకాణం నడిపే లావణ్య మిషన్ మూతికి బిట్టును పట్టుకునే ఒక అడాప్టర్ బిగించి, ఆరు పలకల కాడ ఉన్న బిట్టు ఇచ్చింది. "దీనికి బిగించుడు లేదు పెద్దనాయనా, ఊకె లోపటికి నూకు."

ఆయన మిషన్‌ను మోకాళ్ల మధ్య పెట్టుకుని కుడిచేత్తో నెట్టాడు. బిట్టు టక్కున పట్టుకుంది. లాగితే రాలేదు. అడాప్టర్ గొట్టాన్ని వేళ్లతో వెనక్కి జరిపితే వచ్చేసింది. పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. నాలుగోసారికి నవ్వు ఆపుకోలేకపోయాడు. గోడకు వాడే బిట్లు వద్దని, చెక్కకు వాడే కొనకు ముల్లున్న బిట్లు ఐదు ఏరుకున్నాడు.

"మొగిలీ, ఇగ నిన్ను పిలువ," అన్నాడు.

"పిలువకున్నా వచ్చి కూసుంట. నువ్వు నవ్వుకుంట పనిచేసుడు చూసి ఏడాదాయె," అంది మొగిలమ్మ.